ఖుష్కి గొంతు, తరి గొంతు

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు నా చెవుల్లో రెండు తెల్లటి గింజల్లాంటివి దూర్చి, "అమ్మమ్మా, జర ఈ రెండు పాటలు విని ఏది మంచిగుందో చెప్పవా" అంది. దానికి మాదాపూర్‌లో కంప్యూటర్ల ఉద్యోగం. ఆఫీసులో తనలాంటి వాళ్ళు పదిహేను మంది కలిసి పాటల బృందం ఒకటి పెట్టుకున్నారట. మూడు వందల ఏళ్ళ కిందట యూరప్‌లో పుట్టిన బరోక్ సంగీతమట, అందులో ఒక పాట డిసెంబర్‌లో పాడాలట. ఆ పాటను ఒకామె చర్చిలో పాడినట్టు పాడింది, ఇంకొకామె నాటకంలో పాడినట్టు పాడింది, ఏ దారిన పోవాలో తేలక నెల రోజులుగా ఆ పదిహేను మందీ కొట్టుకుంటున్నారు. నన్ను అడిగింది నా మీద గౌరవంతో అనుకునేరు. సెలవు పూట అంత పొద్దున్నే మా ఇంట్లో మెలకువగా ఉండేది నేనొక్కదాన్నే.

మొదటి పాట నాలుగు అడుగులు వేసేసరికి చెవిలోది గట్టిగా నొక్కుకున్నాను. పాడుతున్న మనిషి ఎవరో తెలియదు గానీ పాట మట్టు, ఆ బాణీ, నాకు తెలిసినదే. రెండోది కూడా విన్నాను. "మొదటామెది ఖుష్కి గొంతు, రెండో ఆమెది తరి. మీకు ప్రార్థన కావాలంటే మొదటామె లెక్క పాడున్రి" అన్నాను. మనవరాలు నన్ను వింతగా చూసింది. "ఖుష్కి ఏంది, తరి ఏంది? నీకెట్ల తెలుసు అమ్మమ్మా గివన్ని?" అంది. చెప్పడం మొదలుపెట్టాను, ఇంతలో దానికి ఫోన్ వచ్చింది, అది బాల్కనీలోకి పోయింది. మొదలుపెట్టిన మాట నోట్లో ఉంచుకోవడం ఈ వయసులో ఆరోగ్యానికి మంచిది కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

నాకప్పుడు పన్నెండేళ్ళు. మాదాపూర్ ఊరికి అవతల, ఇప్పుడు అద్దాల ఆఫీసులున్న చోట, ఒక నవాబు గారి తోట బంగళా ఉండేది. చుట్టూ ఏనుగులంత బండలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. నవాబు సాబ్ విలాయత్‌లో చదువుకుని, నగరంలో పెద్ద కొలువు చేసి, మనుషుల మీద విసుగు పుట్టి ఆ బండల మధ్యకు వచ్చి ఉంటున్నాడు. మా నాయన ఆయనకు పేష్కారు. ఆయన ఉత్తరాలు రాయడం, కాగితాలు చూడడం నాయన పని. బంగళా వెనక రెండు గదుల రాతి ఇంట్లో మేముండేవాళ్ళం, నాయన, అమ్మ, నేను, అమ్మ చంకలో తమ్ముడు. నవాబు గారి కొలువులో చేరక ముందు నాయన పదేళ్ళు భూములు కొలిచే దఫ్తర్లో పని చేశాడు. ఆ పదేళ్ళలో ఆయన చూపే ఒక తీరుగా తయారైంది. ఏది కనబడినా కొలవాలి, రకం కట్టాలి, రాయాలి. అమ్మ పప్పు వడ్డిస్తే, తిని ఊరుకోకుండా, సోమవారం పప్పుకూ దీనికీ తేడా చెప్పేవాడు. "సోమవారం పప్పు సోమవారమే అయిపాయె. ఇది తినున్రి" అనేది అమ్మ.

నవాబు సాబ్‌కు రెండు గదుల నిండా గ్రామఫోన్ ప్లేట్లు ఉండేవి. ఆయన వినేదంతా ఆ పాత యూరప్ పాటలే, సగం దేవుడివి, సగం నాటకాలవి. మొదట్లో నాయన వరండాలో కూర్చుని రాసుకుంటూ వినేవాడు. ఒకనాడు నవాబు సాబ్ బయటికొచ్చి చూస్తే, ఆయన కలం ఆగిపోయి ఉంది, ఉత్తరం మీద సిరా చుక్క పెద్దదై పారుతోంది. కోప్పడతాడనుకుంటే, లోపలికి పిలిచి కుర్చీ చూపించాడు. అప్పటినుంచి నాయనకు ఆ పిచ్చి పట్టింది. పాటల వెనక కథలు నవాబు సాబ్ చెబితే నాయన మాకొచ్చి చెప్పేవాడు. వాటిలో ఒకటి అమ్మకు కూడా నచ్చింది. ఆ పాట కట్టినాయన ముందు దాన్ని ఒక నాటకం కోసం కట్టాడట. శత్రువుల చెరలో ఉన్న రాకుమారి ఏడుస్తూ పాడే పాట. కొన్నేళ్ళకు పండగ దగ్గర పడి, కొత్తది కట్టడానికి తీరిక లేక, అదే మట్టులో దేవుడి మాటలు కూర్చి చర్చికి ఇచ్చేశాడట. "అయితే దేవునికి కట్టి విడిచిన చీర పెట్టిండన్నట్టు" అంది అమ్మ. నాయనకు రెండు రోజులు కోపం. మూడో రోజు ఆ మాట నవాబు సాబ్‌కు తనే చెప్పి, ఆయన నవ్వితే వచ్చి అమ్మకు చెప్పాడు.

ఆ తరువాత నవ్వులు తగ్గాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, మా నిజాం రాజ్యం మాత్రం ఎటూ తేలక మధ్యలో ఉండిపోయింది. రోజుకో పుకారు. ఊళ్ళ మీదికి తుపాకుల వాళ్ళు వచ్చారనీ, ఫలానా వాళ్ళను పట్టుకుపోయారనీ పాలు పోసే ఆమె చెప్పి పోయేది, అమ్మ ఆ మాటలు నా చెవిన పడకుండా నన్ను బావి దగ్గరికి పంపేది. అమ్మ పుట్టిల్లు గోపన్‌పల్లి. అక్కడ మా మేనమామ ఒక్కడే, అమ్మకు తోడబుట్టినవాడు. ఆ ఎండాకాలంలో ఎవరో జీపులో వచ్చి, రెండు మాటలు అడగాలని చెప్పి ఆయన్ను తీసుకుపోయారు. చెప్పులు కూడా వేసుకోనివ్వలేదు. అమ్మ కాళ్ళరిగేలా తిరిగింది. ఠాణాలో అడిగితే మాకు తెలియదన్నారు, దవాఖానలో అడిగితే ఠాణాలో అడగమన్నారు. ఎవరి ముందు నిలబడ్డా అమ్మ అదే మాట మళ్ళీ మొదటినుంచి చెప్పేది. మూడో నెలకు అడగడం మానేసింది.

ఆ రోజుల్లోనే నవాబు సాబ్ బొంబాయికి, అక్కడినుంచి ఓడ మీద విలాయత్‌కు పోవడానికి నిశ్చయించుకున్నాడు. ప్లేట్లన్నీ వెంట తీసుకుపోవడం అయ్యే పని కాదు. ఒకే పాటను ఇద్దరు ముగ్గురు పాడినవి చాలా ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి విని, ప్రతి పాటకూ ఒక్క ప్లేటు ఎంచి, పెట్టెలు కట్టి వెనక పంపమని నాయనకు చెప్పాడు. "ఎవరి పాట ఉండాలో, ఎవరిది పోవాలో నువ్వే ఫైసలా చెయ్. నీ చెవుల మీద నాకు భరోసా ఉంది" అన్నాడట. పోతూ పోతూ అంత మాట అనకుండా ఉండాల్సింది. మా నాయన జీవితంలో ఎవరూ ఆయన చెవులను మెచ్చుకోలేదు.

నవాబు సాబ్ వెళ్ళిన మరుసటి రోజే నాయన పని మొదలుపెట్టాడు. రాయడానికి కాగితాలు వెతికితే పాత దఫ్తర్ నుంచి తెచ్చుకున్న ఒక ఖాళీ పహాణీ దొరికింది. పహాణీ అంటే ఊళ్ళో ఏ పొలం చెక్క ఎవరిదో, అందులో ఏం పండిందో రాసే పుస్తకం. గడులు ముందే అచ్చు వేసి ఉంటాయి: నంబరు, పట్టాదారు, భూమి రకం, పంట, చివర కైఫియత్ అని నాలుగు మాటలు రాసుకునే చోటు. వేరే ఎవరైనా ఆ గీతలు పట్టించుకోకుండా రాసుకునేవారు. మా నాయన గడి ఉంటే నింపకుండా ఉండలేడు. నంబరు గడిలో ప్లేటు నంబరు, పట్టాదారు గడిలో పాడిన మనిషి. భూమి రకం దగ్గర కొంచెం ఆలోచించి, తడి ఉన్న గొంతుకు తరి అని, పొడిగా ఉన్న గొంతుకు ఖుష్కి అని రాశాడు. నీళ్ళు పారే పొలం తరి, వానను నమ్ముకున్నది ఖుష్కి, ఆ సంగతి పిల్లలకు కూడా తెలిసిన కాలం అది. పంట గడిలో ఆ పాట విన్నవాళ్ళలో ఏం పుట్టిందో రాశాడు. అంతా దఫ్తర్ ఉర్దూలోనే, ముత్యాల్లాంటి రాత.

చెర పాట వంతు వచ్చినప్పుడు నేనూ అక్కడే కూర్చున్నాను. పద్నాలుగో నంబరు ప్లేటు చర్చి మాటలతో, పదిహేనో నంబరు నాటకం మాటలతో. నాయన చావి తిప్పి, ప్లేటు ప్లేటుకూ ముల్లు మార్చి, జేబు గడియారం పక్కన పెట్టుకుని ఒక్కోటి పదేసి సార్లు విన్నాడు. నాటకం ఆమెది నిండు గొంతు. మొదటి మాటకే గదంతా తడిసేది, నాకైతే ఆమె కొంగు పట్టుకుని ఓదార్చాలనిపించేది. చర్చి ఆమె గొంతు సన్నగా, తిన్నగా, ఏ సింగారమూ లేకుండా వచ్చేది. మొదటిసారి వింటే ఇందులో ఏముందిలే అనిపించేది. ఆ పాటలో మధ్యన వేరే చరణం ఒకటి వచ్చి, తరువాత మొదటి భాగం మళ్ళీ మొదటినుంచి వస్తుంది, అవే మాటలు, అదే మట్టు. ఆ తిరుగు భాగం దగ్గర నాయన ప్రతిసారీ కళ్ళు మూసుకునేవాడు. చివరికి రాసింది ఇది. నంబరు పద్నాలుగు, పట్టాదారు చర్చి బీబీ, రకం ఖుష్కి, పంట కన్నీళ్ళు, కైఫియత్: ఒక నిమిషం నలభై దగ్గర ఊపిరి తెగింది, ఎవరికీ తెలియలేదు. నంబరు పదిహేను, పట్టాదారు నాటకం బీబీ, రకం తరి, పంట లేదు.

అమ్మ రోజూ మొత్తుకునేది. ఆ బండల్లో గొంతు చాలా దూరం పోతుంది. "బయట లోకమంత మండుతుంటే మీ పాటలేంది? ఎవరన్న వింటే ఏమనుకుంటరు? ఆ పెట్టె మూసి ఇంటికాడ ఉండున్రి" అనేది. నాయన ఊఁ అనేవాడు, "ఇగ నాలుగు జతలే ఉన్నయి" అని మళ్ళీ చావి తిప్పేవాడు. నవాబు ఊళ్ళో లేని బంగళాలోంచి పొద్దస్తమానం తెలియని భాషలో ఆడగొంతులు వినబడితే, దారినపోయేవాళ్ళు పాట అనుకోరు. శత్రువులతో మాట్లాడే వైర్‌లెస్ అనుకుంటారు. ఆ ఏడు వైర్‌లెస్ అన్న మాటకే మనుషులను తీసుకుపోయేవాళ్ళు. ఈ సంగతి పన్నెండేళ్ళ నాకు తెలుసు, తమ్ముణ్ణి మోస్తూ రొట్టెలు చేసే అమ్మకు తెలుసు, పదేళ్ళు సర్కారు దఫ్తర్లో పనిచేసిన నాయనకు మాత్రం పట్టలేదు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం, వాన వెలిసిన కాసేపటికి అమీన్ సాబ్ వచ్చాడు. అమీన్ అంటే అప్పటి పోలీసు దొర. గుర్రం దిగి, ఇద్దరు జవాన్లతో నేరుగా బంగళా హాల్లోకి నడిచాడు. పొడుగ్గా, సన్నగా, నిద్ర లేని కళ్ళతో ఉన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే మాకు అంత భయం వేసేది కాదేమో. నాయనకు అన్నం తెచ్చిన అమ్మ, నేను, తమ్ముడు లోపలి గది తలుపు వెనక చిక్కుకుపోయాం. అమ్మ ఎడమ చేయి నా భుజం మీద పడింది. వాళ్ళు మాట్లాడిందంతా ఉర్దూలో, నేను మా ఇంటి తెలుగులో చెబుతున్నాను.

జవాన్లు అల్మారాలు తీశారు, పరుపులు తిప్పారు, వైర్‌లెస్ లేదు. దొరికింది పహాణీ. అమీన్ సాబ్ కిటికీ దగ్గర కూర్చుని అందులో రెండు పుటలు చదివాడు, మళ్ళీ మొదటికి వచ్చి చదివాడు.

"ఇది ఏ ఊరి పహాణీ?" అన్నాడు.

"ఏ ఊరిది కాదు సాబ్, పాటలది" అన్నాడు నాయన.

"పాటలకు పహాణీ ఉంటదా? తరి భూమిల పంట లేదు, ఖుష్కి భూమిల కన్నీళ్ళు పండినయి. నాతోని మజాక్ చేస్తున్నవా? ఈ నంబర్లు ఏ చెలకలవి? అక్కడ ఎవరు దాక్కున్నరు?"

నాయన పుస్తకం వైపు చేయి చాపాడు. అమీన్ సాబ్ కైఫియత్ గడి మీద వేలు పెట్టాడు. "ఒక నిమిషం నలభై దగ్గర ఊపిరి తెగింది, ఎవరికీ తెలియలేదు. ఎవరి ఊపిరి?"

ఆ ప్రశ్న పూర్తి కాకముందే ఒక జవాను తాడు చేతికి చుట్టుకుంటున్నాడు. అమ్మ గోళ్ళు నా భుజంలో దిగాయి. మామను తీసుకుపోయినప్పుడు కూడా ఇట్లాగే రెండు మాటలు అడగాలని చెప్పారు. ఇప్పుడు నాయన కాళ్ళకు చెప్పులు ఉన్నాయా లేవా అని నేను తలుపు సందులోంచి చూశాను. లేవు, గుమ్మం దగ్గర విడిచి ఉన్నాయి.

చివరికి నాయన ప్లేట్లు చూపించి, రాసినదానికీ పాటకూ సరిపోతుందో లేదో తమరే వినండి అన్నాడు. అమీన్ సాబ్ తల ఊపాడు. నాయన రెండుసార్లు తప్పి ముల్లు బిగించి ముందు పద్నాలుగు వేశాడు, తరువాత పదిహేను. ఒక నిమిషం నలభై దగ్గర వేలెత్తి చూపాడు. ఊపిరి నిజంగానే తెగింది. అమీన్ సాబ్ మొహంలో ఏమీ మారలేదు. పాటలు అయిపోయాక లేచి వచ్చి పహాణీ బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

"నాటకం బీబీనే మంచిగ పాడింది" అన్నాడు. "ఏడుపు వస్తే ఏడ్వాలె. మా అమ్మ పోయిన దినం మా అక్క అచ్చం గిట్లనే ఏడ్చింది. నువ్వేమో పంట లేదని రాసినవు. నీ పహాణీ గలత్. గలత్ రాసిన అని కైఫియత్‌ల రాసి దస్తఖత్ పెట్టు."

జేబులోంచి కలం తీసి ఇచ్చాడు. మాకు ఊపిరి వచ్చింది. ఒక దస్తఖత్! పాట గురించి! ఏది మంచిదైతే మాకేం, రెండు ప్లేట్లూ విరగ్గొట్టమన్నా విరగ్గొట్టేయొచ్చు. అమ్మ నా చెవి పక్కనే, గాలి కన్నా మెల్లగా, "పెట్టున్రి, దస్తఖత్ పెట్టున్రి" అంటోంది. నాయన కలం తీసుకున్నాడు. పుస్తకం వైపు వంగాడు. ఆగాడు. కలం మూత మళ్ళీ పెట్టి, రెండు చేతులతో అమీన్ సాబ్ ముందు బల్ల మీద ఉంచాడు.

"గలత్ కాదు సాబ్" అన్నాడు. "పహాణీల అబద్ధం రాయలేను. ఇంకొక్కసారి ఇనున్రి."

అడుగుతున్నది ఎవరిని? అతని అనుమతి కోసం కూడా చూడకుండా ముల్లు మార్చి పద్నాలుగు మళ్ళీ వేశాడు. విచిత్రం ఏమిటంటే ఈసారి ముల్లు ఒక్క తప్పు లేకుండా బిగిసింది. మొదటి భాగం, మధ్య చరణం మాట్లాడకుండా పోనిచ్చాడు. తిరుగు భాగం రాగానే ఒక అడుగు ముందుకు వేశాడు. "ఇక్కడ సాబ్. మొదాలు పాడిన మాటలే మళ్ళ వచ్చినయి. నాటకం ఆమె మొదాలెంత ఏడ్చిందో ఇప్పుడు కూడ గంతే ఏడుస్తది. ఈమెను చూడున్రి. ఇప్పుడు ఏమీ అడుగుత లేదు. అడిగి అడిగి అలిసిపోయింది. అయినా ఆ మాటలే అంటున్నది, వేరే మాటలు లేవు గనుక."

నేను అమ్మ మొహం చూశాను. ఆయన చెప్పింది అమ్మ గురించే అనిపించింది నాకు. రెండు మూడు నెలలు ఠాణాలూ దవాఖానలూ తిరిగి, అవే మాటలు చెప్పి చెప్పి ఆగిపోయిన అమ్మ, తలుపు వెనక తమ్ముడి నోటి మీద చేయి పెట్టుకుని నిలబడి ఉంది. నాయన చూపు మాత్రం ప్లేటు మీదే ఉంది.

ముల్లు చివరి గీతలో గీరుకుంటూ తిరుగుతోంది. ఎత్తాలని ఎవరికీ తోచలేదు. అమీన్ సాబ్ లేచాడు. తాడు పట్టుకున్న జవాను ఒక అడుగు ముందుకు వేస్తే చేయెత్తి ఆపాడు.

"సాజిష్, కుట్ర చేసెటోడైతే నేనేమంటే గదే అంటుండె" అన్నాడు జవాన్లతో. "వీనికి పానం మీద తీపి లేదు. దీవానా. వదిలెయ్యున్రి." తరువాత బల్ల మీది పహాణీ చంకలో పెట్టుకుని, పదిహేనో నంబరు ప్లేటు కాగితం కవరులో జాగ్రత్తగా పెట్టి చేతిలోకి తీసుకున్నాడు. "ఇది నాకు పనికొస్తది. నీకెట్లా పంట లేని చెక్కనే గద."

అంతటితో ఊరుకోవచ్చు. మా నాయన ఊరుకోలేదు. "సాబ్, అది నవాబు సాబ్ సొత్తు. ఒక రసీదు రాసిస్తే..." అన్నాడు.

అమీన్ సాబ్ మెల్లగా వెనక్కి తిరిగాడు. అప్పుడు అమ్మ నా భుజం వదిలింది. పరాయి మగవాళ్ళ ఎదుటికి అమ్మ రావడం నేను అంతకుముందు చూడలేదు. తమ్ముణ్ణి చంకన వేసుకుని, నెత్తి మీద కొంగు కూడా లాక్కోకుండా హాలు మధ్యకు వచ్చి, నాయనకూ ఆయనకూ నడుమ నిలబడింది. "రసీదు అవసరం లేదు. తీసుకపోండి సాబ్" అంది. తెలుగులోనే అంది. ఆయనకు అర్థమైంది. తల కొంచెం వంచి, బయటికి పోయి గుర్రం ఎక్కాడు.

అమ్మ సాయంత్రం దాకా రొట్టెలు చేసింది, తమ్ముణ్ణి ఆడించింది, హాల్లో చెదిరిన పరుపులు సర్దింది. నాయనే ఉండబట్టలేక, "నేను అబద్ధమాడలే" అన్నాడు, పొగడ్త కోసం చూస్తున్న పిల్లాడిలా. అమ్మ పొయ్యి ముందునుంచి లేవకుండా, "నిజమే చెప్పిన్రు. నిజం ఎవరు అడిగిన్రు మిమ్మల్ని? ఇంటికాడ ఉండున్రి అని గదా నేనడిగింది" అంది. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. పిండి కలిపింది.

ఇంకో నెలకు యూనియన్ సైన్యం వచ్చింది, రాజ్యం మారింది, దారులు తెరుచుకున్నాయి. జైళ్ళలోంచి చాలామంది ఇళ్ళకు వచ్చారు. అమ్మ మళ్ళీ గోపన్‌పల్లి పోయి, నాలుగు రోజులు వాకిట్లో కూర్చుని వచ్చింది. మామ రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు. విలాయత్ నుంచి నవాబు సాబ్ ఒకే ఒక్క ఉత్తరం రాశాడు: ప్లేట్లు పంపొద్దు, అన్నీ నువ్వే ఉంచుకో అని. మేం బంగళా వదిలి ఊళ్ళోకి మారాం. నాయన మిగతా ప్లేట్లు ఒక్కొక్కటిగా తెలిసినవాళ్ళకు పంచిపెట్టి, పద్నాలుగు మాత్రం ఉంచుకున్నాడు. నెలకోసారి, ఏ సెలవు నాడో వేసేవాడు. ఆయనను చివరిదాకా ఒకే బాధ తినేసింది: అమీన్ సాబ్ తన మాట ఒప్పుకున్నాడా లేదా? ఒప్పుకుని ఉంటే పద్నాలుగు తీసుకుపోవాలి గదా, పదిహేను ఎందుకు తీసుకుపోయాడు? ఈ చర్చ ఆయన నాతో కనీసం వంద సార్లు చేసి ఉంటాడు. నేను వినేదాన్ని. ముద్దుగానే ఉండేది, ఒక్కోసారి ఒళ్ళు మండేది.

ఆ ప్లేటు మొదలవగానే అమ్మ మాత్రం చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి పెరట్లోకి వెళ్ళిపోయేది. ఎండైనా వానైనా బట్టలుతికే బండ దగ్గర నిలబడి, పాట ఆగాక వచ్చేది. నాయన ఆమెకు విలాయతీ పాట పడదని అనుకునేవాడు. పెళ్ళై పిల్లలు పెద్దయ్యాక ఒకసారి పుట్టింటికి వచ్చినప్పుడు నేను నాయనను నిలదీసి అడిగాను. "ఆ దినం దస్తఖత్ పెట్టకపోతే ఏమైతదో నీకు తెలుసు గద నాయనా. మా గురించి ఏమనుకున్నవు?" అన్నాను. ఆయన ఎన్ని తప్పులు చేసినా అబద్ధం చెప్పే మనిషి కాదు. నిజంగా ఆశ్చర్యపోతూ, "ఆ యాల్ల మీరు తలుపెనక ఉన్నరన్న సంగతే యాదికి లేదు బిడ్డా" అన్నాడు.

అమ్మ అక్కడే చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు. "అది నాకు గప్పుడే తెలిసింది" అంది.

కోపంగా అనలేదు, అందుకే నాకు ఏం చేయాలో తోచలేదు. పక్కన కూర్చుని నేను కూడా కాయలు ఒలిచాను. నాయన ప్రాణాలతో ఉన్నాడు, ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు, నెరిసిన గడ్డం గోక్కుంటున్నాడు. ఆయన బతికి బయటపడిందీ, అమ్మ ఆయనను పోగొట్టుకుందీ ఒకేసారి జరిగాయని అర్థం కావడానికి నాకు అన్నేళ్ళు పట్టింది. ఆ తరువాత అమ్మ రెండేళ్ళు బతికింది. చివరి నెలలో మంచం దిగలేకపోయినప్పుడు నాయన ప్లేటు వేయబోతే, నేనే వెళ్ళి ముల్లు తీసేశాను. అమీన్ సాబ్ గుర్రం మా బండలు దాటి పోవడంతో ఆ మధ్యాహ్నం నాయనకు అయిపోయింది, నాకు ఆ సాయంత్రానికి అయిపోయింది, అమ్మకు మాత్రం అది గడవడానికి ముప్పై ఏళ్ళు సరిపోలేదు.